ఇరవయ్యో తారీఖు తర్వాత

*నెల మొదట్లో బిర్యానీ, నెలాఖరులో పప్పుచారు. యూనివర్సిటీ విద్యార్థి జేబు ఖాళీ కావడానికి దుబారా కన్నా పెద్ద కారణం ఒకటుంది. అది గోడ మీది క్యాలెండరు.*

రాత్రి ఎనిమిది దాటింది. అమీర్‌పేట సందులో ఒక కర్రీ పాయింట్ ముందు నలుగురు కుర్రాళ్లు నిలబడ్డారు. గదిలో కుక్కర్‌లో అన్నం ఉడుకుతోంది, కావలసింది కూరే. "పప్పొకటి, ఫ్రై ఒకటి తీసుకుందాం రా" అన్నాడొకడు. "ఫ్రై వద్దు మామా, పప్పు, సాంబార్ చాలు. ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ ఉందిగా" అన్నాడు ఇంకొకడు. ఎవరి ఖాతాలో ఎంతుందో ఫోన్లు తీసి చూసుకున్నారు. ఒకడి దాంట్లో ముప్పై ఎనిమిది, ఇంకొకడి దాంట్లో అరవై. మూడోవాడు అసలు ఫోనే తియ్యలేదు. కర్రీ పాయింట్ అతనికి ఏమీ చెప్పనక్కర్లేదు. తారీఖు ఇరవై దాటితే కుర్రాళ్లు కూరలు ఎలా ఎంచుకుంటారో అతనికి తెలుసు. ఒకటో తారీఖు రాగానే ఇదే గుంపు ఫ్రైలు దాటి పక్క సందులోని బిర్యానీ హోటల్‌కి వెళ్తుందనీ తెలుసు.

ఇలాంటివి చూసి పెద్దలు చెప్పే తీర్పు ఒక్కటే: ఈ కాలం పిల్లలకు డబ్బు విలువ తెలియదు. విద్యార్థి సంఘాలు చెప్పేది మరొకటి: ధరలు మండుతున్నాయి, స్కాలర్‌షిప్పులు రావడం లేదు. 2025 నవంబరులో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసినప్పటి నుంచి ఈ రెండో మాట మరింత గట్టిగా వినిపిస్తోంది. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే రెండూ 'ఎంత' అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. 'ఎప్పుడు' అని అడిగేవారు తక్కువ. విద్యార్థికి డబ్బు నెలకోసారో, సెమిస్టరుకోసారో, ఒక్కోసారి ఏడాది దాటాకో వస్తుంది. ఆకలి మాత్రం పూట తప్పదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని నెల బడ్జెట్ పూడ్చలేదు. పూడ్చగలిగింది వారం లెక్కే.

ముద్దగా వచ్చే డబ్బు

ముందు ఖర్చు ఏ స్థాయిలో ఉందో చూద్దాం. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ సర్వే ప్రకారం 2023-24లో దేశంలోని పల్లెల్లో ఒక మనిషి నెలసరి సగటు ఖర్చు 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. హైదరాబాద్‌లో ముగ్గురు పంచుకునే హాస్టల్ గదిలో ఒక మంచానికి, భోజనంతో కలిపి, ఆరు నుంచి ఎనిమిది వేలు అడగడం ఇప్పుడు మామూలు. అంటే ఊళ్లో ఒక మనిషి తిండి, బట్ట, మందులు, ప్రయాణాలు అన్నీ కలిపినా కానంత ఖర్చు నగరంలో బిడ్డ తలదాచుకుని తినడానికే అవుతోంది. ఆ పైన ఫోన్ రీఛార్జి, బస్సు, జెరాక్సులు, టీలు, సబ్బులు. ఈ చిల్లర ఖర్చుల జాబితా ఎవరూ రాసుకోరు. నెలాఖరున గొంతు మీద కూర్చునేవి మాత్రం ఇవే.

ఇంటి నుంచి వచ్చే డబ్బు తీరు కూడా చూడాలి. జీతగాడైన తండ్రి ఒకటో తారీఖున పంపుతాడు. పాడి మీద బతికే ఇల్లయితే పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు కోసం చూస్తుంది. వరి, మిర్చి పండించే ఇంట్లో పంట అమ్మిన నాడు ఒకేసారి పాతిక వేలు పంపి, "నాలుగు నెలలు అడక్కు నాన్నా" అంటారు. డబ్బు ఎలా వచ్చినా ముద్దగానే వస్తుంది. ముద్దగా వచ్చిన డబ్బు మొదట్లో ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే మొదట్లోనే ఎక్కువగా కరిగిపోతుంది.

ఇది కుర్రతనం వల్ల వచ్చిన బలహీనత అనుకుంటే పొరపాటు. అమెరికాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం ఆహార సాయాన్ని నెలకోసారి ఇస్తుంది. ఆ కుటుంబాల తిండిని పరిశీలించి ఆర్థికవేత్త జెస్సీ షపీరో 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. నెల మొదటి నుంచి చివరికి వచ్చేసరికి వాళ్లు తీసుకునే కేలరీలు 10 నుంచి 15 శాతం తగ్గిపోతున్నాయని అందులో తేలింది. వాళ్లు సంసారాలు ఈదుతున్న పెద్దవాళ్లు, పిల్లల తల్లులు. పిజ్జాలకు ఎగబడే పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు కారు. అయినా నెలాఖరు వాళ్లనూ వదల్లేదు. నెలరోజుల దూరాన్ని ఊహించి ఇవాళ్టి ఖర్చు అదుపు చేసుకోవడం ఎవరికైనా కష్టమే. ఏడు రోజుల దూరం మాత్రం అందరి కంటికీ ఆనుతుంది. బుధవారం నాడు ఆదివారం కనిపిస్తుంది, మూడో తారీఖున ముప్పయ్యో తారీఖు కనిపించదు.

చదువు మీద పడే దెబ్బ ఇంకో పరిశోధనలో కనిపిస్తుంది. 2013లో సైన్స్ పత్రిక తమిళనాడు చెరకు రైతులపై జరిగిన అధ్యయనాన్ని ప్రచురించింది. 464 మంది రైతులకు కోతకు ముందు, అంటే చేతిలో డబ్బులేని రోజుల్లో, ఒకసారి ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. కోత అయ్యి డబ్బు చేతికొచ్చాక మళ్లీ పెట్టారు. మనుషులు వాళ్లే, డబ్బులేని రోజుల్లో మార్కులు మాత్రం తగ్గాయి. నెలాఖరులో ఇంటర్నల్ పరీక్ష రాసే విద్యార్థికి దీన్ని అన్వయిస్తే అనవసరమైన సాగదీత కాదనే అనుకోవాలి. రేపటి టిఫిన్‌కు ఎవరిని అడగాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నవాడు సిలబస్ మీద మనసు పెట్టలేడు.

> రోజుకు 70 రూపాయలు
>
> తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్నది 2,100 అయింది. భాగించి చూస్తే రోజుకు 70, వారానికి 490.
>
> ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల నమూనా పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం ఉన్నాయి. బియ్యం సబ్సిడీ మీద అందినా 70 రూపాయల్లో ఆ పళ్లెం నింపడం ఏ వార్డెన్‌కైనా కత్తిమీద సామే.

కంపెనీలు చూసే క్యాలెండరు

నెలకు నాలుగు వారాలని మనం అలవాటుగా అనేస్తాం. పన్నెండు నెలలకు నలభై ఎనిమిది వారాలు, అంటే 336 రోజులు. ఏడాదికి ఉన్నవి 365. లెక్కలో లేకుండా పోయిన ఆ 29 రోజులే విద్యార్థిని ఏడాదంతా నెలకు రెండు మూడు రోజుల చొప్పున ఆకలితో పడుకోబెడుతున్నాయి. నెల డబ్బును నాలుగుతో భాగించి "వారానికి ఇంత" అనుకున్నవాడు నిజాయితీగా అంతే ఖర్చుపెట్టినా నెలాఖరున చెయ్యి చాచక తప్పదు. తప్పు అతనిది కాదు, భాగహారానిది.

ఈ సంగతి వ్యాపారులకు బాగా తెలుసు. ఫోన్ రీఛార్జి ప్యాకుల్లో చాలావాటి గడువు 28 రోజులు. సరిగ్గా నాలుగు వారాలు. నెలకోసారి కదా అనుకుంటూ వినియోగదారుడు ఏడాదిలో పదమూడుసార్లు కడతాడు. దీనిమీద గోల లేచాక 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్యాకు ఉంచాలని ఆదేశించింది. 28 రోజులవి మాత్రం పోలేదు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో ప్యాకు 2024 జులైలో 239 నుంచి 299 రూపాయలకు పెరిగింది. ఆన్‌లైన్ తరగతి, హాల్ టికెట్, ఇంటికి ఫోను అన్నీ దానిమీదే నడుస్తాయి కాబట్టి విద్యార్థికి అది బియ్యంతో సమానమైన ఖర్చు.

వారంతో లెక్కలు కట్టేవాళ్లలో దుర్మార్గులూ ఉన్నారు. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసుల ముందుకు వరుసగా వచ్చిన లోన్ యాప్ కేసులు గుర్తుండే ఉంటాయి. ఆ యాప్‌లలో చాలావాటి గడువు ఏడు రోజులు. ఫీజుల పేరుతో ముందే కొంత కోసుకుని మిగిలింది ఖాతాలో వేసేవారు. వారం తిరిగేసరికి మొత్తం కట్టకపోతే ఫోన్‌లోని నంబర్లన్నిటికీ బూతు మెసేజీలు వెళ్లేవి. రిజర్వు బ్యాంకు 2022లో డిజిటల్ రుణాలకు నిబంధనలు పెట్టాక కొంత కట్టడి వచ్చిందే తప్ప బెడద తీరలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ నెలాఖరు వారమే అలాంటి యాప్‌లకు పంట. కంపెనీ వారాల్లో లెక్క వేస్తుంది, అప్పు ఇచ్చేవాడూ వారాల్లోనే వేస్తాడు. చెల్లించేవాడు మాత్రం ఒకటో తారీఖు చుట్టూ తిరుగుతున్నాడు.

మన సమాజంలో వారం లెక్క కొత్తదేం కాదు. సంత వారానికోసారి, కూలీలకు బట్వాడా వారానికోసారి. చదువులకైతే ఏకంగా వారాలే ఉండేవి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోంచేస్తూ పేదింటి పిల్లలు చదువు గట్టెక్కించుకునేవారు. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడుపుతుండగా అలా వారాలు చేసుకుని చదివినవారిలో టంగుటూరి ప్రకాశం ఒకరు. ఆ పద్ధతిని ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. కులం గడప దాటని దయ అది, మాల మాదిగల పిల్లలకు ఆ పంక్తిలో చోటే లేదు. వాళ్లలో ఎక్కువమందికి చదువుకునే చోట అన్నం దొరికింది సంక్షేమ హాస్టళ్లు వచ్చాకే. అయితే ఏ రోజు అన్నం ఎక్కడో ముందే తెలిసి ఉండటమన్నది ఆ ఏర్పాటులోని బలం. ఇవాళ్టి విద్యార్థికి లేనిదీ అదే.

నాలుగుతో కాదు, అయిదుతో

ఆచరణ మాటకొద్దాం. ఇంటి నుంచి నెలకు పది వేలు వస్తున్నాయనుకోండి. హాస్టల్‌కు ఆరున్నర వేలు, రీఛార్జికి మూడొందలు తీసేస్తే మిగిలేది 3,200. దీన్ని నాలుగుతో భాగిస్తే వారానికి 800 అనిపిస్తుంది. అయిదుతో భాగించాలి. అప్పుడు వారానికి 640, రోజుకు తొంభై పైచిలుకు. అయిదో వాటా నుంచి నెలాఖరు రెండు మూడు రోజులకు రెండొందల ఇరవయ్యో, పాతికో పోతుంది. మిగిలే నాలుగొందలు కదలకుండా ఉంటే అయిదు నెలల సెమిస్టరు పూర్తయ్యేసరికి రెండు వేలవుతాయి. పరీక్ష ఫీజు, రికార్డులు, సంక్రాంతికి ఊరెళ్లే బస్సు టికెట్ లాంటివి ఎప్పుడు వస్తాయో తెలిసి కూడా ప్రతిసారీ మీదపడ్డట్టు వస్తాయి. ఆ రెండు వేలు వాటి కోసం.

వారం ఏ రోజు మొదలవ్వాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా తేడా తెస్తుంది. శుక్రవారమో శనివారమో డబ్బు విడుదల చేసుకుంటే సినిమా, బిర్యానీ, షాపింగ్ ముందుంటాయి, కాలేజీ రోజులు వెనకుంటాయి. సోమవారం మొదలుపెడితే కాలేజీకి, టిఫిన్‌కు, బస్సుకు పోగా మిగిలిందే ఆదివారానిది. అప్పుడు బిర్యానీ తినకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎంతలో తినాలో ఖాతాయే చెబుతుంది.

దీనికి ఖర్చులు రాసే యాప్‌లు అక్కర్లేదు. మూడు రోజులు రాసి నాలుగో రోజు మానేసే పుస్తకాలు ఎందరి దగ్గరో ఉన్నాయి. అంతకన్నా రెండు ఖాతాలు మేలు. ఇంటి డబ్బు ఒకదాంట్లో పడుతుంది, దాన్ని యూపీఐకి జత చెయ్యకూడదు. రెండో ఖాతాకు సోమవారం సోమవారం వారం వాటా వెళ్లేలా బ్యాంకుకు ఒక్కసారి చెప్పి పెట్టుకోవచ్చు. ఫోన్‌లో స్కాన్ చేసేది ఆ రెండో ఖాతా నుంచే. 2016లో యూపీఐ వచ్చాక డబ్బు చేతినుంచి వెళ్తున్నట్టు అనిపించడం మానేసింది. పర్సులో నోట్లు తరుగుతుంటే కంటికి తెలిసేది, స్కానర్ ముందు టీకి పదిహేను కొట్టినా హెడ్‌ఫోన్లకు పదిహేను వందలు కొట్టినా వేలికి ఒకటే పని. రెండో ఖాతా ఆ పాత పర్సు పని చేస్తుంది. తల్లిదండ్రుల ఖాతా నుంచే పిల్లలు నెలకు 15 వేల దాకా చెల్లించే వీలు 2024లో యూపీఐ సర్కిల్ పేరుతో వచ్చింది. కొందరికి అది బాగుండొచ్చు. బిడ్డ టీ తాగిన ప్రతిసారీ ఊళ్లో నాన్న ఫోన్ మోగే ఏర్పాటు పిల్లలకు లెక్క నేర్పుతుందా, దాపరికం నేర్పుతుందా అన్నది ఆలోచించాలి.

యాప్‌లో తిండి తెప్పించుకోవడం దగ్గర కాస్త ఆగాలి. డెలివరీ యాప్‌లు 2023లో ఆర్డరుకు 2 రూపాయలతో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజు రెండేళ్లలో 10 రూపాయలు దాటింది. ఇది వస్తువు ధరకు, డెలివరీ చార్జికి, ప్యాకింగుకు అదనం. వారానికి 640 ఉన్నవాడు నాలుగుసార్లు ఆర్డరిస్తే ఒక్క ఈ ఫీజుకే ఒక పూట టిఫిన్ పోతుంది. నెల లెక్కలో ఇది కనపడదు, వారం లెక్కలో కళ్లకు కొట్టినట్టు కనపడుతుంది.

అమ్మాయిల లెక్క వేరు

ఒకే యూనివర్సిటీలో, ఒకే కోర్సులో చదువుతున్నా అబ్బాయి బడ్జెట్, అమ్మాయి బడ్జెట్ ఒకటి కావు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉండటంతో అమ్మాయిల ఖర్చులో ఒక పెద్ద పద్దు తగ్గింది. 2025 మేలో హైదరాబాద్ మెట్రో గరిష్ఠ చార్జి 60 నుంచి 69కి చేరాక ఈ ఆదా విలువ ఇంకా పెరిగింది. ఇంకోపక్క భద్రత కోసమని కాలేజీకి దగ్గరగా, కాస్త మంచి హాస్టల్ చూసుకోవాలి, దానికి అద్దె ఎక్కువ. హాస్టల్ గేటు మూసే వేళ దాటితే కర్రీ పాయింట్‌కు వెళ్లే వీల్లేక యాప్‌లో తెప్పించుకోవాలి. అయిదు రూపాయల భోజనం దొరికే క్యాంటీన్ దగ్గర లైనులో అబ్బాయిలు నిలబడ్డంత తేలిగ్గా అమ్మాయిలు నిలబడగలిగే పరిస్థితి అన్నిచోట్లా లేదు. నెలసరి వారం ఖర్చు మిగతా వారాల్లా ఉండదు, అయిదో వాటా అక్కడా అక్కరకొస్తుంది. కాబట్టి అన్నకు పంపినంతే చెల్లికీ పంపి సమానంగా చూశామనుకునే ఇళ్లు లెక్క ఒకసారి సరిచూసుకోవాలి.

> వారం లెక్కలోనే బతికే చోట్లు
>
> ఆస్ట్రేలియాలో ఇంటి అద్దె చెప్పేదే వారానికి ఇంత అని. అక్కడ చదువుతున్న మన పిల్లలు తరగతులు జరిగే రోజుల్లో పని చెయ్యగలిగేది రెండు వారాలకు 48 గంటలు, బ్రిటన్‌లో అయితే డిగ్రీ, పీజీ వాళ్లకు వారానికి 20 గంటలు.
>
> జర్మనీది నెల లెక్కే అయినా పద్ధతి అలాంటిదే: అక్కడికి వెళ్లే విద్యార్థి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో వెయ్యాలి. అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే బయటికొస్తాయి. డబ్బు విద్యార్థిదే, తాళం మాత్రం ఖాతాది.

'ఉన్నదే అరకొర, దానికో బడ్జెట్టా?'

వారం లెక్క అనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది, న్యాయమైనది కూడా. నెలకు నాలుగు వేలతో ఈదే విద్యార్థికి పొదుపు పాఠాలు చెప్పడం పుండు మీద కారం చల్లడమే. బడ్జెట్ డబ్బును పుట్టించదు. తక్కువ డబ్బు వారం లెక్కలో పెట్టినా తక్కువే. అయితే తక్కువ డబ్బు ఉన్నవాడికే తప్పు చేసే వీలు తక్కువ. ఇరవై వేలు వచ్చే కుర్రాడు మొదటివారం తూలితే ఇంటికి ఫోన్ చేస్తాడు. నాలుగు వేల కుర్రాడు తూలితే యాప్‌లో అప్పు చేస్తాడు లేదా పస్తుంటాడు. పైగా వారం లెక్క ఇంకో పని చేస్తుంది: కొరత ఎంతో రుజువుతో చూపిస్తుంది. "సరిపోవట్లేదు నాన్నా" అనే మాటకు, "తిండికి, బస్సుకే వారానికి రెండొందలు తగ్గుతున్నాయి" అనే మాటకు ఇంట్లోనూ, వార్డెన్ దగ్గరా, ధర్నాలోనూ బరువు వేరు.

ఇంటికే ఆదాయం నిలకడగా లేనప్పుడు వారం వారం ఎలా పంపుతారని రెండో అభ్యంతరం. పంపనక్కర్లేదు. పంట డబ్బు ఒకేసారి రానివ్వండి, పాల బిల్లు పక్షానికోసారి రానివ్వండి. ఎప్పుడొచ్చినా చేతికి విడుదలయ్యేది వారానికి ఒక వాటా అయితే చాలు. నిజానికి ఆదాయం ఎంత అస్తవ్యస్తంగా ఉంటే ఈ పద్ధతి అంత అవసరం. నాలుగు నెలల డబ్బు ఒకేసారి అందుకున్న రైతుబిడ్డకు నెల బడ్జెట్ కన్నా పదిహేడు సోమవారాల లెక్కే రక్షణ.

మూడోది, పార్ట్‌టైమ్ పని చేసుకుంటే పోతుందిగా అనేది. డెలివరీ బ్యాగు వేసుకుని, బైక్ ట్యాక్సీ నడిపి చదువుకుంటున్న పిల్లలు మన నగరాల్లో చాలామందే ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ రాత్రి పదకొండు దాకా బండి మీద తిరిగినవాడు ఉదయం ల్యాబులో ఎలా నిలబడతాడో చూడాలి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో విదేశీ విద్యార్థుల పని గంటలకు పరిమితి పెట్టింది చదువు వెనకబడుతుందనే. మన దగ్గర ఆ పరిమితి ఎవరూ పెట్టరు, పెట్రోలు ఖర్చు కూడా ఎవరూ ఇవ్వరు.

ఇక, ఆ వయసులో కూడా లెక్కలేనా, కాస్త సరదాగా ఉండనివ్వరా అనే మాట. ఉండాలి. స్నేహితుడి పుట్టినరోజుకు వాటా ఇవ్వలేక గదిలో పడుకున్న కుర్రాడి బాధ పస్తు కన్నా తక్కువది కాదు. అందుకే సరదాను ఖర్చుల జాబితాలోంచి కొట్టెయ్యమనడం మూర్ఖత్వం. ఆ పద్దును దొంగతనంగా కాక పేరుపెట్టి వారం వాటాలో కలిపితే నెల మొదట్లో ఒక్క రాత్రికే ఊడ్చుకుపోకుండా నాలుగు ఆదివారాలకూ మిగులుతుంది.

తేదీ చెప్పని డబ్బు

విద్యార్థి ఎంత జాగ్రత్తపడినా ఒక పద్దు దగ్గర చేతులెత్తేయాల్సిందే. అది ప్రభుత్వం ఇచ్చేది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఫీజు భాగం ఒకటైతే, తిండీ వసతుల కోసం ఇచ్చే నిర్వహణ భత్యం మరొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఆ పై చదువుల వారికి ఏడాదికి 20 వేలు రెండు విడతల్లో ఇస్తామన్నారు. రెండు విడతలంటేనే ఆరు నెలల ముద్ద. అది కూడా విద్యార్థి చదువు క్యాలెండరును కాక ఖజానా వీలును బట్టి కదిలేది. హాస్టల్ యజమాని ఆగడు, కర్రీ పాయింట్ ఆగదు. ఆగేది విద్యార్థి ఒక్కడే. ఎంత మొత్తం వస్తుందో తెలిసి, ఎప్పుడు వస్తుందో తెలియని డబ్బును ఏ బడ్జెట్‌లోనూ రాయలేం. చాలామంది విద్యార్థులు దాన్ని ఆదాయంగా లెక్కెయ్యడమే మానేసి, వస్తే అప్పులు తీర్చుకునే డబ్బుగా చూస్తున్నారు.

ఖజానాకు డబ్బుల్లేవన్నది ఎప్పుడూ వినే సమాధానం. ఇవ్వాల్సింది ఎటూ ఇస్తున్నప్పుడు, ఏడాది చివర ఒకేసారి ఇచ్చేదాన్ని చిన్న ముక్కలుగా ముందు నుంచీ ఇవ్వడానికి అడ్డు డబ్బు ఒక్కటే కాదు, అలవాటు కూడా. తేదీ తప్పకుండా ఇవ్వడం ప్రభుత్వాలకు చేతకాని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల రూపాయల వృద్ధాప్య పింఛను ఒకటో తారీఖున గడప దగ్గరికే వస్తోంది. ఆ ఇంటి నుంచే యూనివర్సిటీకి వెళ్లిన మనవడి నిర్వహణ భత్యానికి మాత్రం అలాంటి తారీఖు లేదు. ముందు ఆ తారీఖు ప్రకటించాలి.